పదో అక్షరం



ఛందస్సు, వ్యాకరణం, మా చోడవరం ముచ్చట్లు తప్ప మరొకటి రాయని ఈ పంతులు ఇవాళ విద్యుద్రసాయన శాస్త్రం గురించి రాయబోతున్నాడంటే మీకు నవ్వు రావడం సహజం. తెలుగు పండిత శిక్షణ పొందినవాడికి ఎలక్ట్రోడుతో ఏమి పని అని అడగవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కాని మా అన్నయ్య వల్ల పని పడింది. అందుచేత ఈ టపాలో కొంత శాస్త్రం, కొంత సొంత గోడు ఉంటాయి. గోడు వద్దనుకున్నవారు దాటవేసి చదువుకోవచ్చును. నాకు మాత్రం ఆ రెంటినీ విడదీసి చెప్పడం చేతకాలేదు.

మా అన్నయ్య నాకంటె ఎనిమిదేళ్లు పెద్ద. ఆయనా తెలుగు పండితుడే. నాకు కందపద్యం నడక నేర్పినది బడి కాదు, ఆయనే. సాయంకాలం స్వయంభూ విఘ్నేశ్వరస్వామి దర్శనం చేసుకుని తిరిగి వస్తుంటే ఎవరో ఒకరు దారిలో ఆపి సమస్య ఇచ్చేవారు. ఇల్లు చేరేలోగా పూరణ సిద్ధంగా ఉండేది. అంతటి ధారణ ఆయనది.

2013 సంక్రాంతికి నాన్నగారి ఇల్లు పంచుకున్నాం. నా వంతుగా అన్నయ్యకు ఇవ్వవలసిన నలభై వేలు ఆయన చేతిలో పెట్టాను. అన్నదమ్ముల మధ్య కాగితం ఏమిటని రాసుకోలేదు. నాలుగు నెలలు గడిచాక, "ఒరే తమ్ముడూ, ఆ డబ్బు ఎప్పుడిస్తావురా?" అని అడిగాడు. ఇచ్చేశాను కదా అన్నయ్యా అన్నాను. ఆయన నా ముఖం కేసి వింతగా చూశాడు. మరో నెలకు మళ్లీ అడిగాడు. మూడోసారి మా బంధువుల ఇంట పెళ్లిలో, పంక్తిలో కూర్చున్న పదిమంది ముందు, "మా తమ్ముడికి పద్యంలోనే వ్యాకరణం, డబ్బు దగ్గర లేదు" అన్నాడు. నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను.

ఆ తరువాత మూడేళ్లు ఆయన గడప తొక్కలేదు. మా ఇళ్ల మధ్య దూరం రెండు వీధులు. ఎదురుపడితే నేను పక్కకు తిరిగి నడిచేవాణ్ణి. ఆయన ఒకటి రెండుసార్లు పలకరించబోయాడు కూడా. నేనే ఆగలేదు.

2016లో ఒక ఉదయం వదిన మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూలబడింది. "బాబూ, మీ అన్నయ్య నన్ను ఎవరమ్మా నువ్వు అని అడిగారు" అన్నది. విశాఖపట్నం తీసుకువెళ్లాం. పరీక్షలు, స్కానింగు అయ్యాక ఆల్జీమర్స్ అన్నారు. "ఇది ఇవాళ మొదలైనది కాదండీ. మెదడులో పదిహేను ఇరవై ఏళ్ల క్రితమే మొదలై ఉంటుంది" అన్నారు డాక్టరు గారు. నేను ఆసుపత్రి బల్ల మీద కూర్చుని వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. ఎలా లెక్కించినా 2013 ఆ కాలంలోనే పడుతున్నది. పెళ్లి పంక్తిలో నన్ను ఆ మాట అన్నది మా అన్నయ్య కాదన్న సంగతి అప్పుడు అర్థమైంది.

ఈ వ్యాధికి పేరు రావడానికి కారణమైన తొలి రోగి కథ తరువాత చదివాను. అగస్టె డేటర్ అనే ఆమె 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరినప్పుడు వయస్సు 51 ఏళ్లు. ఆమె మెదడును పరిశీలించి ఆలోయిస్ ఆల్జీమర్ 1906లో ట్యూబింగెన్ సభలో వివరించాడు. ఆమెలో ఇంటివారు మొదట గుర్తించిన లక్షణం మతిమరుపు కాదట, భర్త మీద అనుమానమట. అది చదివి పుస్తకం మూసేశాను. ఈ వ్యాధి ఇంట్లోకి వ్యాధిలా రానక్కరలేదు, తగాదాలా కూడా వస్తుంది.

అన్నయ్య 2020 మాఘమాసంలో పోయారు.

ఈ ఏడు సంక్రాంతికి నా పూర్వ విద్యార్థిని ఒకామె చూడవచ్చింది. రసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తున్నది. ఏమి చేస్తున్నావమ్మా అని మర్యాదకు అడిగాను. "ప్రోటీన్లు ముద్ద కట్టడాన్ని కరెంటుతో పట్టుకునే పని మాస్టారూ. ఆల్జీమర్స్, పార్కిన్సన్స్ లాంటి వాటిలో జరిగేది అదే" అన్నది. నేను చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టి, మొదటి నుంచి చెప్పమన్నాను. ఆమె చెప్పినదీ, ఆ తరువాత నేను చదువుకున్నదీ కలిపి నా భాషలో చెబుతాను.

ప్రోటీను అంటే ఒక వాక్యం అనుకోండి. దాని అక్షరాలు అమైనో ఆమ్లాలు, ఇరవై రకాలు. ఆ అక్షరాల వరుస ఒక క్రమంలో మడతపడితేనే అర్థం పలుకుతుంది. పద్యంలో అక్షరం ఒక్కటి కూడా మార్చకుండా పదచ్ఛేదం తప్పుగా చేస్తే ఏమవుతుందో మనకు తెలుసు, అన్వయం చెడుతుంది. ఇక్కడా అంతే. అక్షరాలు అవే, మడత మారుతుంది. మారిన మడత పక్కనున్న దాన్ని కూడా తనలా మార్చి అతికించుకుంటుంది. అలా పేరుకుని పేరుకుని తంతువులు, ఆపై ముద్దలు అవుతాయి. ఆల్జీమర్స్‌లో ఇలా పేరుకునే వాటిలో ముఖ్యమైనది ఆమిలాయిడ్ బీటా అనే చిన్న ముక్క, నలభై లేక నలభై రెండు అక్షరాలది. టౌ అనేది మరొకటి. పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సిన్యూక్లిన్, నూట నలభై అక్షరాలది.

ఆమిలాయిడ్ అన్న మాట వెనుక చిన్న చమత్కారం ఉన్నది. లాటిన్‌లో ఆమిలమ్ అంటే పిండిపదార్థం. 1854లో విర్ఖో అనే జర్మన్ వైద్యుడు మెదడులో కనిపించిన ఒక పదార్థం అయొడిన్‌తో రంగు మారడం చూసి అది పిండివంటిదని ఆ పేరు పెట్టాడు. ఆమిలాయిడ్ ప్రోటీను అని తరువాత తేలింది. యోగార్థం తప్పినా రూఢి నిలిచిపోయింది. భాషలో ఇటువంటివి మనకు కొత్త కాదు.

ఈ పేరుకోవడం ఎలా సాగుతుందో మా ప్రాంతంవారికి చెప్పడం తేలిక. గోవాడ చక్కెర కర్మాగారానికి వెళ్లే చెరకు బళ్ల వెంట పరుగెత్తి పెరిగినవాళ్లం మేము. చిక్కని పాకం చాలాసేపు తేటగానే ఉంటుంది. అందులో ఒక్క పలుకు పడిందా, దాన్ని పట్టుకుని మిగతాది కట్టడం మొదలవుతుంది. పాకంలో దారం వేలాడదీసి పటికబెల్లం చేసేదీ ఆ పద్ధతిలోనే. ప్రోటీనూ అంతే. చాలాకాలం ఏమీ జరగనట్టే ఉంటుంది, తొలి గింజ ఏర్పడుతుంది, అటుపై వేగం అందుకుంటుంది. అది మనిషి మాటలో, నడతలో తెలిసేసరికి పాకం ఎప్పుడో కట్టి ఉంటుంది.

ఇది మెదడుకే పరిమితం కూడా కాదు. రెండేళ్ల క్రితం నాకు కంటి శుక్లం తీశారు. కంటి కటకంలోని ప్రోటీన్లు మనిషి పుట్టినప్పటి నుంచి దాదాపు అవే ఉంటాయి, కొత్తవి రావు. అవి ముద్దకట్టి మసకబారడమే శుక్లమట. అలా కట్టకుండా ఆల్ఫా క్రిస్టలిన్ అనే మరో ప్రోటీను కాపలా కాస్తుంది, జాతరలో తప్పిపోబోయే పిల్లవాడి వేలు పట్టుకునే పెద్దవాడిలా. ఆ కాపలా పని ఎలా సాగుతుందో ఏళ్ల తరబడి శోధించినవారిలో హైదరాబాదు సి.సి.ఎం.బి.కి 2009 నుంచి 2016 వరకు సంచాలకులుగా ఉన్న చింతలగిరి మోహనరావు గారు ఒకరు. కంట్లో ముద్ద కడితే తీసి వేరే కటకం పెట్టారు. మెదడుకు ఆ వీలు లేదు. అందుకే ముందుగా తెలియడం అవసరం.

ఇక కరెంటు సంగతి. చక్కెర వ్యాధి ఉన్న ఇళ్లలో గ్లూకోమీటరు ఉంటుంది, మా ఇంట్లోనూ ఉన్నది. వేలి మీద రక్తపు చుక్క స్ట్రిప్పుకు అంటించగానే అంకె వస్తుంది. ఆ స్ట్రిప్పులోని ఎంజైము గ్లూకోజు నుంచి ఎలక్ట్రానులను లాగి ఎలక్ట్రోడుకు చేరవేస్తుంది. ఎంత గ్లూకోజు ఉంటే అంత విద్యుత్తు. ఈ మార్గానికి 1962లో క్లార్క్, లయన్స్ అనే ఇద్దరు పునాది వేశారు. మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఏమిటంటే, ప్రోటీను నుంచి కూడా అలా ఎలక్ట్రానులు లాగవచ్చు కదా అని.

లాగవచ్చును. ఇరవై అక్షరాలలో కొన్నిటికే ఎలక్ట్రోడు దగ్గర సులభంగా ఎలక్ట్రాను వదిలే గుణం ఉన్నది. టైరోసిన్ వాటిలో ఒకటి. కర్బన ఎలక్ట్రోడు మీద ప్రోటీను ద్రావణం ఉంచి వోల్టేజిని మెల్లగా పెంచుతూ పోతే, ఒక వోల్టు లోపే ఒకచోట టైరోసిన్ ఆక్సీకరణం చెందుతుంది. అక్కడ విద్యుత్తు గీత శిఖరంలా లేస్తుంది. కర్బన ఎలక్ట్రోడు అంటే మరేదో అనుకున్నాను. పెన్సిలు ముల్లును ఎలక్ట్రోడుగా వాడేవారూ ఉన్నారని ఆమె చెబితే, ముప్పై ఏళ్లకు పైగా పిల్లల చేత పెన్సిలు చెక్కించినవాడికి సంతోషం కలిగింది.

ఆమిలాయిడ్ బీటాలో టైరోసిన్ ఒకే ఒక్కటి. మొదటి నుంచి లెక్కిస్తే పదో అక్షరం. ప్రోటీను విడివిడిగా ఉన్నప్పుడు ఆ పదో అక్షరం ఎలక్ట్రోడుకు అందుతుంది, శిఖరం లేస్తుంది. ముద్ద కట్టడం మొదలైతే అది లోపల చిక్కుకుని అందకుండా పోతుంది, శిఖరం కుంగుతుంది. 2005లో జపాన్‌లో వెస్టర్‌గార్డ్, కెర్మాన్, తమియా, వారి సహచరులు దీన్ని ఇలాగే చూపించారు. ఏ రంగూ కలపకుండా, ఏ గుర్తూ తగిలించకుండా, ఆ ఒక్క అక్షరం గొంతు ఎలా తగ్గిపోతున్నదో వింటూ ముద్ద ఎంత వేగంగా కడుతున్నదో కొలిచారు. అంతకు ముందు ఏడాదే, 2004లో, చెక్ దేశపు బ్ర్నో నగరంలో పాలెచెక్ బృందం ఆల్ఫా సిన్యూక్లిన్ విడిగా ఉన్నప్పుడూ, ముద్దగా ఉన్నప్పుడూ ఇచ్చే విద్యుత్ సంకేతాలలోని భేదాన్ని ప్రకటించింది. ఆ ప్రోటీనులో టైరోసిన్‌లు నాలుగు.

నేను ఇక్కడ ఆమెను ఆపాను. "అంటే అమ్మా, గట్టిగా వినిపించడం జబ్బు గుర్తు కాదు, వినిపించకపోవడం గుర్తు. అంతేనా?" అన్నాను. "అవును మాస్టారూ, ఈ పద్ధతిలో తగ్గడమే చూస్తాం" అన్నది. రోజుకు పది పద్యాలు చెప్పేవాడు ఐదు చెప్పాడు, తరువాత రెండు, తరువాత సాయంకాలం నడక మానేశాడు. మాకు వయసు అనిపించింది. అప్పుడు ఎవరమూ కొలవలేదు.

శాస్త్రాన్ని ఉన్నదానికన్న పెద్ద చేసి చెప్పడం ఆమెకు ఇష్టం లేదు, నాకూ లేదు. ప్రయోగశాలలోని శుద్ధమైన ద్రావణం వేరు, రక్తం వేరు. రక్తంలో టైరోసిన్ ఉన్న ప్రోటీన్లు లెక్కలేనన్ని, వాటి మధ్య ఆమిలాయిడ్ బీటా అత్యల్పం. యూరిక్ ఆమ్లం, విటమిన్ సి కూడా ఎలక్ట్రోడు దగ్గర ఎలక్ట్రానులు వదిలి గోల చేస్తాయి. పైగా ఆక్సీకరణం చెందిన టైరోసిన్ ఎలక్ట్రోడుకే పొరలా అంటుకుని దాన్ని మొద్దుబారుస్తుంది. అందుకే ఎలక్ట్రోడు మీద ముందుగా యాంటీబాడీల వంటివి పరచి, కావలసిన ప్రోటీనును మాత్రమే పట్టి ఉంచే ప్రయత్నాలు జరుగుతున్నాయి. గ్లూకోమీటరులా వేలికి గుచ్చి చూసుకునే మతిమరుపు స్ట్రిప్పు మన మందుల షాపులో దొరకడం లేదు.

అయినా ఎలక్ట్రోడు ఆసుపత్రికి రాలేదని అనడానికి వీలులేదు. వెన్నుద్రవంలో ఆమిలాయిడ్ బీటానూ, టౌనూ కొలిచే రోష్ కంపెనీ పరీక్షకు అమెరికా ఎఫ్‌.డి.ఎ. 2022 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. ఇందులో రుథీనియం అనే లోహపు సమ్మేళనం ఎలక్ట్రోడు మీద వోల్టేజి తగలగానే వెలుగుతుంది, ఆ వెలుగును కొలుస్తారు. ఇక్కడా విశేషం ఒకటే. ఆల్జీమర్స్ ఉన్నవారి వెన్నుద్రవంలో ఆమిలాయిడ్ బీటా 42 పెరగదు, తగ్గుతుంది. మెదడులో పేరుకుపోయి ద్రవంలోకి రావడం తగ్గుతుంది కాబట్టి. 2025 మే నెలలో రక్తం నుంచే చూసే ఒక పరీక్షకు కూడా అక్కడ అనుమతి వచ్చింది. అది వెలుగును కొలిచే మరో పద్ధతి, లక్షణాలు కనిపించిన 55 ఏళ్లు, ఆపై వయసువారి కోసం. 

మాటలతో పెట్టే పరీక్షలు చాలవా, ఇంత తతంగం ఎందుకు అంటారేమో. అన్నయ్య విషయంలో చాలలేదు. వదిన తరువాత చెప్పింది, 2014లోనే ఆమెకు అనుమానం వచ్చి ఒక డాక్టరుకు చూపించిందట. ఆయన మూడు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమన్నాడు. అన్నయ్య ఆ మూడు మాటలనూ అప్పటికప్పుడు కందంలో ఇమిడ్చి, రాగయుక్తంగా అప్పగించాడట. డాక్టరు గారు చప్పట్లు కొట్టి, ఈ పండితుడికి జబ్బేమిటమ్మా అని పంపించేశాడు. ఆయనను తప్పు పట్టను. నేనున్నా అదే చేసేవాణ్ణి.

పాండిత్యం జబ్బును ఆపకపోవచ్చును, కాని కప్పగలదు. దీనికి మన తెలుగునేల మీదనే గట్టి ఆధారం ఒకటి ఉన్నది. హైదరాబాదు నిమ్స్‌లో పనిచేసేటప్పుడు అల్లాడి సువర్ణ గారు, సహచరులతో కలిసి, చిత్తవైకల్యం ఉన్న 648 మంది వివరాలు పరిశీలించారు. వారిలో 391 మంది రెండు లేక అంతకన్న ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వచ్చినవారికన్న వీరిలో లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడ్డాయి. చదువు రానివారిలోనూ ఈ మేలు కనిపించింది. 2013లో ఆ ఫలితాలు వెలువడ్డాయి, మా తగాదా జరిగిన ఏడే. భాషలు నేర్చినవాడు, సాధన చేసినవాడు ఉన్న బలంతో ఎక్కువకాలం నెట్టుకొస్తాడు. అది వరమే. కాని లోపల ముద్ద కట్టడం ఆగిందో లేదో అతని మాటను బట్టి చెప్పలేం. పదో అక్షరానికి ఛందస్సు తెలియదు, కప్పిపుచ్చడమూ రాదు. అది అందితే పలుకుతుంది, అందకపోతే పలకదు. అందుకే అణువునే అడిగే పరీక్ష కావాలి.

ఆమె వెళ్తూ ఒక ప్రశ్న వేసింది. "మాస్టారూ, నయం చేసే మందు లేదు. వచ్చిన కొత్త మందులు కూడా తొలిదశలో వేగం కొంత తగ్గించేవే. అలాంటప్పుడు ముందుగా తెలిసి ఏం లాభం అని చాలామంది అంటారు. మీరైతే చేయించుకుంటారా?"

వెంటనే జవాబు చెప్పలేదు. ఆ రాత్రి బీరువాలోంచి ఒక పంచాంగం తీశాను. అన్నయ్య పోయిన ఏడాదికి వదిన ఆయన పుస్తకాలు నాకు ఇచ్చింది. వాటిలో 2012-13 నందన నామ సంవత్సర పంచాంగం ఉన్నది. సంక్రాంతి పుట అంచున ఆయన ముత్యాల అక్షరాలు: "తమ్ముడు 40,000 ముట్టజెప్పినాడు." దాని కింద గీత గీసి మరొక మాట: "మరువరాదు."

మొదట చూసినప్పుడు నా మాటే నిజమని ఋజువైందన్న తృప్తి ఒక్క క్షణం కలిగిందని ఒప్పుకుంటున్నాను. ఆ మరుక్షణం రెండో మాట దగ్గర చూపు ఆగింది. నలభై పద్యాలు ఒక్కసారి వింటే అప్పగించగల మనిషి తనకు తాను మరువరాదని ఎందుకు రాసుకున్నాడు? అప్పటికే ఆయనకు తెలుసు. మా అందరికన్న ముందు, డాక్టరు కన్న ముందు, ఆయనకే తెలుసు. ఎవరితో చెప్పుకోవాలో తెలియక పంచాంగంతో చెప్పుకున్నాడు. ఆ పంచాంగం ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు.

మర్నాడు ఆ అమ్మాయికి ఫోను చేసి, "చేయించుకుంటానమ్మా" అన్నాను. మందు కోసం కాదు. అన్నయ్యకు మందు లేకపోయినా ఆ మూడేళ్లు నేను పక్కన కూర్చుని ఉండవచ్చు. రోజుకు పదిసార్లు డబ్బు ఎప్పుడిస్తావురా అని అడిగితే, రేపు ఇస్తాను అన్నయ్యా అని పదిసార్లు చెప్పవచ్చు. ఆయనకు మాటలు ఇంకా ఉన్న ఆ మూడేళ్లూ నేను రెండు వీధుల అవతల కోపంతో కూర్చున్నాను. నేను తిరిగి వెళ్లేసరికి పద్యాలు పోయాయి, నా పేరు కూడా పోయింది. ఆ లెక్కలో నలభై వేలు ఏపాటివి?

మా అబ్బాయితో ఈ మధ్య చెప్పాను. నేను ఎప్పుడైనా నువ్వు ఇచ్చినది ఇవ్వలేదంటే, అననిది అన్నావంటే, నాతో వాదించకు, ముందు పరీక్షకు తీసుకువెళ్లు అని. వాడు నవ్వి, "మన జిల్లా పేరు ఇప్పటికీ తప్పు చెబుతున్నారు కదా నాన్నా, ఇవాళే వెళ్దామా?" అన్నాడు. 2022లో మా చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లినా నా నోటికి విశాఖ జిల్లా అనే వస్తున్నది. అది మాత్రం జబ్బు కాదు, అరవై ఏళ్ల అలవాటు.

మీ ఇళ్లలో పెద్దవారు ఎవరైనా ఉన్నట్టుండి అకారణంగా నింద వేస్తే, మాట తగ్గిస్తే, దయచేసి కోపం ఒక నెల వాయిదా వేయండి. నాలాగ మూడేళ్లు పోగొట్టుకోకండి. ఇటువంటి అనుభవం ఉన్నవారు వ్యాఖ్య రాయగలరు. శాస్త్ర విషయాలలో నా పొరపాట్లు ఏవైనా ఉంటే తెలిసినవారు దిద్దితే సంతోషిస్తాను.

సెలవు.